పాత మోటార్‌హోమ్ ఫర్నేస్: వెలగనప్పుడు ఏం వినాలి, ఎక్కడ ఆగాలి

అందరికీ నమస్కారం.

పాత మోటార్‌హోమ్, అంటే లోపల ఇల్లులా అమర్చిన బండి, కొనేవాళ్లు ఇంజను గురించి, టైర్ల గురించి, పైకప్పు కారుతుందా లేదా అన్నదాని గురించి చాలా శ్రద్ధగా అడుగుతారు. లోపలి గాలిని వెచ్చబెట్టే ఫర్నేస్ సంగతి మాత్రం మొదటి చలి రాత్రి దాకా ఎవరికీ గుర్తు రాదు. ఆ రాత్రి స్విచ్ వేస్తారు, అది వెలగదు. బయట చలి, లోపల పిల్లలు, చేతిలో టార్చిలైటు, మనసులో టెన్షన్. తప్పుడు పనులు జరిగేది సరిగ్గా అలాంటప్పుడే. ఎప్పుడో ఎవరో చెప్పిన చిట్కా గుర్తొస్తుంది. ఒక వైరు ముక్క తీసుకుని లోపలున్న ఒక స్విచ్‌ను దాటేసి కలిపేస్తారు. ఫర్నేస్ వెలుగుతుంది, అందరూ పడుకుంటారు. నేను ఇవాళ ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఒక్కటే: ఆ వైరు ముక్క వేయకండి. వెలగని ఫర్నేస్ చాలాసార్లు తన పని తాను సరిగ్గా చేస్తున్నట్టు లెక్క. ఎందుకు వెలగనంటోందో కనిపెట్టడం మన పని. నోరు మూయించి వెలిగించడం కాదు.

ముందు ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్తాను. అది అర్థమైతే మిగతాదంతా దానంతట అదే తెలుస్తుంది. నేను మాట్లాడేది ఎక్కువగా ప్రొపేన్ గ్యాస్‌తో మండి, 12 వోల్టుల కరెంటుతో బ్లోయర్, అంటే గాలి తోసే ఫ్యాన్, తిరిగే రకం గురించి. అమెరికా తయారీ వాహనాల్లో సబర్బన్, ఆట్‌వుడ్ పేర్లతో కనిపించేవి చాలావరకు ఇవే. ఆట్‌వుడ్ వ్యాపారాన్ని 2014లో డొమెటిక్ తీసుకుంది కాబట్టి విడిభాగాల కోసం వెతికేటప్పుడు ఆ పేరు కూడా చూడండి.

ఇందులో గాలికి రెండు దారులు ఉంటాయి. మొదటిది మంట దారి. బయటి గాలి గోడలో ఉన్న రంధ్రం గుండా లోపలికి వచ్చి, గ్యాస్‌తో కలిసి, మూసి ఉన్న ఒక లోహపు గదిలో మండి, పొగగా మళ్లీ బయటికే పోతుంది. రెండోది మనం పీల్చే గాలి దారి. వాహనం లోపలి గాలిని బ్లోయర్ లాగి, ఆ లోహపు గది చుట్టూ తిప్పి, వేడెక్కాక పైపుల్లోంచి మళ్లీ మన దగ్గరికి పంపుతుంది. ఆ లోహపు గది పేరే హీట్ ఎక్స్‌ఛేంజర్. ఈ రెండు గాలులకూ మధ్య ఉన్నది ఆ రేకు ఒక్కటే. రేకు బాగున్నంత కాలం లోపల మంట మండుతున్నా పొగ మన దగ్గరికి రాదు. దానికి చిల్లు పడితే ఏమవుతుందో తర్వాత వివరంగా చెప్తాను.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే గమనించాలి. రెండు దారులకూ మోటారు ఒక్కటే. దాని ఒక చివర ఉన్న చక్రం మన గాలిని తోస్తుంది, రెండో చివర ఉన్న చక్రం మంటకు గాలి అందిస్తుంది. అంటే మోటారు నెమ్మదిస్తే మనకు వేడి తగ్గడంతో ఆగదు, మంటకు ఊపిరి కూడా తగ్గుతుంది. ఒక వంతు ప్రొపేన్ పూర్తిగా మండాలంటే సుమారు 24 వంతుల గాలి కావాలి. అంత గాలి అందకపోతే గ్యాస్ సగం సగం మండి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి వచ్చేట్టు ఉండటం, మత్తు... జలుబో జ్వరమో అనుకుని దుప్పటి కప్పుకుని పడుకుంటారు. నిద్రలో ఉన్న మనిషికి ఆ తలనొప్పి కూడా తెలియదు.

అందుకే ఫర్నేస్ తయారు చేసినవాళ్లు వరసగా కాపలాలు పెట్టారు. థర్మోస్టాట్, అంటే ఎంత వెచ్చదనం కావాలో మనం పెట్టుకునే స్విచ్, వేడి కావాలని అడుగుతుంది. పాత మోడళ్లలో అయితే ఒక టైమ్ డిలే రిలే ఉంటుంది, అది కొన్ని సెకన్లు ఆగి బ్లోయర్‌కు కరెంటు ఇస్తుంది. బ్లోయర్ తిరగడం మొదలుపెడుతుంది. దాని గాలి తోపుకు ఒరిగే ఒక సన్నని రేకు ఉంటుంది, దాన్నే సెయిల్ స్విచ్ అంటారు. బ్లోయర్ సరిపడా వేగం అందుకుంటేనే ఆ రేకు ఒరిగి స్విచ్ కలుస్తుంది. తర్వాత లిమిట్ స్విచ్, అంటే లోపల వేడి హద్దు దాటితే తెగిపోయేది. ఈ రెండూ సరే అంటేనే కంట్రోల్ బోర్డు గ్యాస్ వాల్వ్ తెరిచి, టిక్ టిక్ టిక్ అని స్పార్క్ ఇస్తుంది. కొన్ని సెకన్లలో మంట కనిపించకపోతే గ్యాస్ కట్టేస్తుంది. కొన్ని బోర్డులు ఇంకో రెండుసార్లు ప్రయత్నించి లాకౌట్‌లోకి, అంటే ఇక తమంతట తాము ప్రయత్నించని స్థితిలోకి, వెళ్లిపోతాయి. సరిపడా వెచ్చబడ్డాక మంట ఆరిపోతుంది కానీ బ్లోయర్ ఇంకాసేపు తిరిగి లోపలి వేడిని, మిగిలిన పొగను బయటికి పంపుతుంది. మంట ఆరినా ఫ్యాన్ ఆగలేదని కంగారుపడకండి, అలాగే తిరగాలి.

ఈ వరస గుర్తుంటే సగం రిపేరు చెవితోనే చేయొచ్చు. ఫర్నేస్ పక్కన కూర్చోండి, మాటలు ఆపండి, థర్మోస్టాట్ పెంచండి, వినండి. ఎక్కడి దాకా వచ్చి ఆగిందో వింటే, దాని తర్వాతి మెట్టులో లోపం ఉందని అర్థం. స్క్రూడ్రైవర్ పట్టుకోవాల్సింది ఆ తర్వాతే. మొదటే బోర్డు మార్చేసేవాళ్లను చాలామందిని చూశాను. బోర్డు ఖరీదైన భాగం, అసలు లోపం మాత్రం చాలాసార్లు చవకైన చోటే ఉంటుంది.

అసలు ఏ చప్పుడూ లేదనుకోండి. ఫ్యూజు చూడండి. ఫర్నేస్ మీదే చిన్న బ్రేకర్ బటనో, ఆన్ ఆఫ్ స్విచ్చో ఉండొచ్చు, మూత వెనక దాక్కుని ఉంటుంది, అదీ చూడండి. తర్వాత థర్మోస్టాట్. పాత థర్మోస్టాట్‌లలో మీట జరిపితే కలిసే చిన్న కాంటాక్టులు ఉంటాయి, వాటికి చిలుము పడుతుంది. థర్మోస్టాట్ విప్పి దాని రెండు వైర్లను కాసేపు కలిపి చూడొచ్చు. బ్లోయర్ తిరిగిందంటే థర్మోస్టాటే పోయింది.

మీలో ఒకరు అడగబోతున్నారని తెలుస్తోంది. ఇందాక వైరు కలపొద్దన్నారు, ఇప్పుడు కలపమంటున్నారేంటి అని. థర్మోస్టాట్ మన కోరిక చెప్పే స్విచ్ మాత్రమే, వేడి కావాలా వద్దా అని. దాన్ని పరీక్ష కోసం కలిపితే కాపలా ఏదీ తొలగిపోదు. సెయిల్ స్విచ్, లిమిట్ స్విచ్ అలాంటివి కావు. అవి మంటను అదుపులో ఉంచేవి. ఆ తేడా తెలుసుకుని పనిచేయాలి.

ఇక రెండో సందర్భం, అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది. బ్లోయర్ తిరుగుతుంది, కానీ టిక్ టిక్ రాదు. చల్లటి గాలి కొడుతూనే ఉంటుంది. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే వైరు ముక్క వేసేది ఇక్కడే.

బ్లోయర్ తిరుగుతోంది కదా, కరెంటు బాగానే ఉందని అనుకుంటారు. తిరగడం వేరు, సరిపడా వేగంతో తిరగడం వేరు. ఈ మోటారు 7 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ బలహీనమైతేనో, వైరు జాయింట్లో తుప్పు ఉంటేనో మోటారు దగ్గరికి వచ్చేసరికి వోల్టేజి పడిపోతుంది. మీటరు పెట్టి చూడండి. కానీ బ్యాటరీ దగ్గర కాదు, ఫర్నేస్ టెర్మినళ్ల దగ్గర చూడాలి, అదీ బ్లోయర్ తిరుగుతుండగా. బ్యాటరీ దగ్గర 12.6 చూపించి, ఫర్నేస్ దగ్గర 11 కూడా లేకపోతే మధ్యలో వైరో, జాయింటో, గ్రౌండో వోల్టేజిని తినేస్తున్నట్టు. మీటరు లేకపోతే ఒక సులువైన పని చేయండి. వాహనాన్ని బయటి కరెంటుకు తగిలించి ఫర్నేస్ వేయండి. అప్పుడు వెలిగి, బ్యాటరీ మీద వెలగకపోతే లోపం ఎటువైపు ఉందో తెలిసిపోయింది.

వోల్టేజి బాగుంటే సెయిల్ స్విచ్ చూడాలి. దుమ్ము, కుక్క వెంట్రుకలు, తివాచీ నూగు చేరి ఆ రేకు ఒరగకుండా పట్టేస్తాయి. మెల్లగా శుభ్రం చేస్తే చాలావరకు బాగవుతుంది, లేకపోతే కొత్తది వేయండి, అది పెద్ద ఖర్చు కాదు. బ్లోయర్ చక్రం రెక్కల మధ్య మట్టిలా పేరుకున్న దుమ్ము కూడా గాలిని తగ్గిస్తుంది. తర్వాత బయటి రంధ్రాలు చూడండి. మట్టి గూళ్లు కట్టే కుమ్మరి పురుగులకు ఈ రంధ్రాలంటే చాలా ఇష్టం. వాహనం ఒక ఎండాకాలం కదలకుండా ఉంటే చాలు, లోపల గట్టిగా గూడు కట్టేస్తాయి. సాలీళ్లు బర్నర్ నోట్లో కూడా వల అల్లుతాయి. వీటి కోసం జాలీ అమ్ముతారు కదా, పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. వాడకుండా నిలబెట్టిన కాలంలో మూసి పెట్టుకోండి, కానీ ఫర్నేస్ నడిపే ముందు తీసేయండి. ఆ జాలీ పొగను అడ్డుకుంటుంది. తయారీదారు తమ మోడల్‌కు ఒప్పుకుంటేనే దాన్ని అలా ఉంచండి. తీయడం మర్చిపోకుండా థర్మోస్టాట్ మీద ఒక ఎర్ర చీటీ అంటించుకోండి.

ఇప్పుడు ఆలోచించండి. బ్లోయర్ నెమ్మదిగా తిరుగుతోంది కాబట్టి సెయిల్ స్విచ్ కలవలేదు. మీరు వైరుతో కలిపారు. గ్యాస్ పూర్తిగా వచ్చేసింది, గాలి సగమే వస్తోంది. మంట నీలం పోయి పసుపు తిరిగింది, మసి పట్టింది, కార్బన్ మోనాక్సైడ్ పుట్టింది, లోహపు గది హద్దు మించి వేడెక్కుతోంది. ఆ మితిమీరిన వేడికే అది పగులుతుంది. అంటే ఒక్క రాత్రి కోసం వేసిన వైరు, విషాన్ని పుట్టించడంతో పాటు ఆ విషం లోపలికి వచ్చే దారిని కూడా తనే తయారు చేస్తోంది. ఏ స్విచ్ తెగిందో కనిపెట్టడానికి, కరెంటు తీసేసి, సెయిల్ స్విచ్ అయితే దాని రేకును వేలితో ఒరిగించి, మీటరుతో కొలిచి చూడండి. అదే పద్ధతి. వైరు వేసి వెలిగించి చూడటం పద్ధతి కాదు.

పాత వాహనం కొన్నవాళ్లు ఇంటికి తెచ్చుకున్నాక ఫర్నేస్ మూత తీసి ఒకసారి ఇదే చూడండి. మీకు ముందు వాడినవాళ్లు ఎవరైనా వైరు వేసి వదిలేశారేమో. ఆ రెండు స్విచ్‌ల దగ్గర ఫ్యాక్టరీ వైరు కాని ముక్క కనబడితే, దాన్ని తీసి, ఎందుకు వేశారో తేలేదాకా ఆ ఫర్నేస్ వాడకండి.

మూడోది, టిక్ టిక్ వస్తుంది కానీ మంట రాదు. ఇది గ్యాస్ వైపు. సిలిండర్ మార్చాక పైపులో గాలి ఉంటుంది. ముందు స్టవ్ మీద ఒక బర్నర్ వెలిగించి మంట నిలకడగా వచ్చేదాకా ఉంచి, ఆపి, ఆ తర్వాత ఫర్నేస్ వేయండి. ఇంకొకటి, సిలిండర్ వాల్వ్‌ను ఒక్కసారిగా తెరవకండి. పైపు తెగితే గ్యాస్ ఎగజిమ్మకుండా ఉండటానికి దాని కనెక్టర్‌లో ఒక రక్షణ ఉంటుంది. చటుక్కున తెరిస్తే అది లీకనుకుని దారి మూసేస్తుంది, సన్నగా మాత్రమే వదులుతుంది. అప్పుడు స్టవ్ వెలుగుతుంది, ఫర్నేస్ వెలగదు. వాల్వ్ మూసి, కాసేపాగి, మెల్లగా తెరిస్తే సరిపోతుంది.

స్టవ్ వెలిగింది కాబట్టి గ్యాస్ బాగానే ఉందనే మాట తరచూ వింటుంటాను. అది సగం నిజమే. స్టవ్ బర్నర్‌కు కావాల్సిన గ్యాస్ చాలా తక్కువ. సన్నటి ధారకు చెంబు నిండుతుంది, అదే ధారకు చేను తడవదు. ఫర్నేస్‌కు కావాల్సిన ప్రెషర్ నీటి కొలతలో 11 అంగుళాలు, అంటే సుమారు 27 మిల్లీబార్లు. అది రెండు మూడు పరికరాలు ఒకేసారి నడుస్తున్నప్పుడు కూడా నిలవాలి. దాన్ని కొలవడానికి మానోమీటరు కావాలి. రెగ్యులేటర్ పాతబడితే ఈ ప్రెషర్ తగ్గొచ్చు, పెరగొచ్చు కూడా. పెరగడం ఇంకా ప్రమాదం. వాహనం పాతదైతే రెగ్యులేటర్‌నూ, పగుళ్లు తేలిన రబ్బరు పైపులనూ సాకులు వెతకకుండా మార్చేయండి. రెగ్యులేటర్ స్క్రూ తిప్పి సర్దే పని మాత్రం మీటరు ఉన్న టెక్నీషియన్‌కు వదిలేయండి. గ్యాస్ వాల్వ్‌ను విప్పి బాగుచేయడం ఎవరూ చేయకూడదు, పోతే మార్చడమే.

చలి ఎక్కువున్న చోట ఇంకో సంగతి. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరి అవుతూనే ఉంటుంది. బ్యూటేన్ అయితే సున్నా దగ్గరే ఆగిపోతుంది. బ్యూటేన్ ఎక్కువ కలిసిన సిలిండర్‌తో గడ్డకట్టే చలిలోకి వెళ్తే, సిలిండర్ బరువుగానే ఉంటుంది, గ్యాస్ మాత్రం రాదు.

నాలుగోది, మంట భగ్గున వస్తుంది, కొన్ని సెకన్లలో ఆరిపోతుంది, మళ్లీ టిక్ టిక్. చాలా మోడళ్లలో స్పార్క్ ఇచ్చే కడ్డీయే మంట ఉందో లేదో కూడా కనిపెడుతుంది. మంటలోంచి పోయే అతి చిన్న కరెంటును బోర్డు చూస్తుంది. కడ్డీకి మసి పట్టినా, దాని పింగాణీ పగిలినా, గ్రౌండ్ వదులైనా మంట కళ్లముందే ఉన్నా బోర్డుకు కనబడదు, గ్యాస్ ఆపేస్తుంది. కడ్డీని సన్న ఎమరీ కాగితంతో తుడవండి. స్పార్క్ దూకే చోట ఖాళీ సాధారణంగా అంగుళంలో ఎనిమిదో వంతు, సుమారు 3 మిల్లీమీటర్లు ఉండాలి. మీ మోడల్ పుస్తకంలో ఎంత ఉంటే అంతే పెట్టండి. కడ్డీ బయటికి తీసిన ప్రతిసారీ దాని గాస్కెట్, అంటే సందు మూసే పట్టీ, కొత్తది వేయండి. పాత గాస్కెట్ నలిగి ఉంటుంది, అక్కడినుంచి మంట గదిలోని పొగ బయటికి కారుతుంది.

ఐదోది, బాగా వెలిగి వేడి వస్తుంటుంది, ఉన్నట్టుండి ఆగి మళ్లీ వెలుగుతుంది, థర్మోస్టాట్ ఇంకా అడుగుతూనే ఉంటుంది. ఇది లిమిట్ స్విచ్ పని. లోపల వేడి పోయే దారి లేదు. గాలి లోపలికి లాగే జాలీకి అడ్డంగా పెట్టెలో, బూట్లో ఉన్నాయా, కింద పైపు నలిగిందా, చాలా గదుల్లో గాలి మూతలు మూసేశారా, చూడండి. పడకగదికి ఎక్కువ వేడి రావాలని మిగతావన్నీ మూసేయడం చాలామంది చేసే పని. ఆ పనే ఫర్నేస్‌ను ఉడికిస్తుంది.

ఇక్కడ ఒక ప్రశ్న వచ్చింది, మైకు అటు ఇవ్వండి.

[ప్రేక్షకుల్లో ఒకరు: మా ఫర్నేస్ వెలిగేటప్పుడు ఢబ్ మని పెద్ద శబ్దం వస్తుందండీ. కానీ ఆ తర్వాత బాగానే పనిచేస్తుంది. అలా వాడుకోవచ్చా?]

వాడకండి. అడిగినందుకు సంతోషం, ఎందుకంటే బాగానే పనిచేస్తోంది కదా అని ఇలాంటివే వదిలేస్తుంటారు. గ్యాస్ వచ్చిన వెంటనే అంటుకోవాలి. కడ్డీ జరిగో, బర్నర్ మూసుకుపోయో, ప్రెషర్ తేడా వచ్చో ఆలస్యమైతే గది నిండా గ్యాస్ చేరి ఒక్కసారిగా అంటుకుంటుంది. ఆ శబ్దం అదే. ప్రతి దెబ్బకూ రేకు కదులుతుంది, అతుకులు తెరుచుకుంటాయి. కట్టేసి టెక్నీషియన్‌కు చూపించండి. అలాగే బయట పొగ రంధ్రం చుట్టూ గోడకు నల్లగా మసి కనిపించినా, లోపల గాలి మూతల దగ్గర మసి కనిపించినా, ఫర్నేస్ వేసినప్పుడల్లా కళ్లు మండినా, తల పట్టేసినట్టు ఉన్నా, కట్టేయాలి. వాడకం మొదట్లో దుమ్ము కాలిన వాసన కాసేపు రావడం మామూలే. అది కిటికీలు తెరిచి నడిపితే పోతుంది. ప్రతిసారీ వస్తే మామూలు కాదు.

ఇప్పుడు హీట్ ఎక్స్‌ఛేంజర్ గురించి. పాత ఫర్నేస్ ఆయుష్షు దీని మీదే ఆధారపడి ఉంటుంది. మోటారు మార్చొచ్చు, బోర్డు మార్చొచ్చు, స్విచ్‌లు మార్చొచ్చు. ఈ రేకు మాత్రం వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, ఏళ్ల తరబడి నలుగుతుంది. మంట నుంచి పుట్టే తేమ, వాడకుండా ఉంచిన నెలల్లో రంధ్రం గుండా వచ్చే వాన చెమ్మ తుప్పు పట్టిస్తాయి. అతుకుల దగ్గర, వంపుల దగ్గర ముందు పోతుంది. చూడాలంటే ఫర్నేస్‌ను బయటికి లాగి, బర్నర్ తీసి, లోపల లైటు పెట్టి, చీకట్లో బయటినుంచి వెలుతురు ఎక్కడ పొడుచుకొస్తోందో వెతకాలి. వంపుల్లోకి చూడటానికి చిన్న అద్దం కావాలి. ఇళ్లలోని ఫర్నేస్‌లకు వాడే ఒక చిట్కా ఉంది, బ్లోయర్ మొదలవగానే మంట వణికితే పగులుందని. మన వాటిలో అది పనికిరాదు. ఇక్కడ బ్లోయర్ మంట కన్నా ముందే తిరుగుతుంటుంది కదా, పోల్చి చూడటానికి వీల్లేదు. లోపల గాలి మూతల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ మీటరు పెట్టి కొలవడం కూడా టెక్నీషియన్ చేయాల్సిన పరీక్షల్లో ఒకటి. అందులో ఏమీ కనబడకపోయినా, రేకును కళ్లతో చూడటం మానకూడదు.

చిల్లు కనబడితే వెల్డింగ్ చేయించొద్దు, సిమెంటు ముద్ద పూయొద్దు. పల్చబడ్డ రేకు పక్కనే ఇంకోచోట తెగుతుంది. కొత్త హీట్ ఎక్స్‌ఛేంజర్ దొరికితే వేయండి, లేకపోతే ఫర్నేస్ మొత్తం మార్చండి. పాత పెట్టెలోనే అమరేలా కొత్త ఫర్నేస్ లోపలి భాగం మొత్తంగా దొరికే మోడళ్లు కూడా ఉన్నాయి. పాత సామాన్ల చోటునుంచి ఇంకో పాత ఫర్నేస్ తెచ్చి వేయడం నాకు నచ్చదు. దాని రేకు మీ దానికన్నా బాగుందని ఎవరు చెప్పగలరు?

అలారాల సంగతి. రెండు రకాలు కావాలి. ప్రొపేన్ గాలికన్నా సుమారు ఒకటిన్నర రెట్లు బరువు, కింద చేరుతుంది. కాబట్టి గ్యాస్ అలారం నేలకు దగ్గరలో ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ బరువు దాదాపు గాలి బరువే. దాని అలారం పడుకునే చోటుకు దగ్గరగా, దాని పుస్తకంలో చెప్పిన ఎత్తులో పెట్టండి. రెండింటికీ గడువు ఉంటుంది. చాలావాటికి 5 నుంచి 7 ఏళ్లు, కొన్నిటికి 10. బటన్ నొక్కితే కుయ్యిమంది కాబట్టి బాగుందనుకోకండి. ఆ బటన్ చాలావాటిలో కూతను, బ్యాటరీని పరీక్షిస్తుందంతే, లోపలి సెన్సార్ చచ్చిపోయినా కూస్తుంది. అలారం విప్పి వెనక తేదీ చదవండి. పాత వాహనాల్లో ఆ తేదీ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

ఇంకొకటి చాలామందికి తెలియదు. అమెరికాలో ఈ అలారాల ప్రమాణం యూఎల్ 2034. దాని ప్రకారం గాలిలో కార్బన్ మోనాక్సైడ్ 70 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 70 వంతులు, ఉన్నప్పుడు అలారం 60 నుంచి 240 నిమిషాల మధ్య మోగాలి, 150 ఉంటే 10 నుంచి 50 నిమిషాల మధ్య, 400 ఉంటే 4 నుంచి 15 నిమిషాల మధ్య. అంటే తక్కువ మోతాదు గంటలకొద్దీ ఉన్నా అలారం నోరు విప్పకపోవచ్చు. అలారం మోగలేదు కాబట్టి తలనొప్పికి కారణం ఇంకేదో అనుకోకండి. మోగితే మాత్రం అందరూ బయటికి, వెంటనే. పిల్లలను, పెద్దలను లెక్క చూసుకుని, అత్యవసర సేవలకు ఫోన్ చేయండి. కిటికీ కాస్త తెరిచి మళ్లీ పడుకోవడం పరిష్కారం కాదు.

గ్యాస్ వాసన వస్తే ఇంకో జాగ్రత్త. లోపల ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు, వేయడమూ వద్దు, తీయడమూ వద్దు. మంట ఉంటే ఆర్పి, అందరినీ దింపి, తలుపు తెరిచి ఉంచి, బయటినుంచి సిలిండర్ మూయండి. లీకు వెతకాలంటే సబ్బు నీళ్లు వాడండి, బుడగలు వచ్చిన చోటే లీకు. అమ్మోనియా, క్లోరిన్ ఉన్న సబ్బులు ఇత్తడి కీళ్లను తినేస్తాయి, వాటిని వాడకండి. అగ్గిపుల్ల గీసి వెతకడం ఇప్పటికీ కొందరు చేస్తున్నారు, దయచేసి వద్దు.

పెట్రోలు బంకులోకి వెళ్లేముందు ఫర్నేస్, పైలట్ మంట, గ్యాస్ వాటర్ హీటర్ అన్నీ ఆర్పేయాలి. ప్రయాణంలో సిలిండర్ మూసి ఉంచడమే మంచిదని నా అభిప్రాయం. ఇంకా పాత రకాల్లో బ్లోయర్ ఉండదు, ఎప్పుడూ వెలిగే పైలట్ మంట, దాన్ని కనిపెట్టే థర్మోకపుల్ ఉంటాయి. వాటిని వెలిగించేటప్పుడు ఒకసారి తప్పితే గ్యాస్ కట్టి కనీసం 5 నిమిషాలు ఆగండి, వంగి నేల దగ్గర వాసన చూసి, ఏమీ లేదంటేనే మళ్లీ ప్రయత్నించండి. నాబ్ నొక్కి పట్టుకున్నంతసేపు వెలిగి, వదలగానే ఆరిపోతే చాలాసార్లు థర్మోకపుల్ పోయి ఉంటుంది. నాబ్‌ను దేనితోనైనా నొక్కిపెట్టి ఉంచడం కూడా ఇందాకటి వైరు ముక్క లాంటిదే.

చివరి ప్రశ్న తీసుకుందాం.

[ప్రేక్షకుల్లో ఒకరు: అన్నీ బాగుంటే రాత్రంతా ఫర్నేస్ వేసుకుని పడుకోవచ్చా అండీ?]

పడుకోవచ్చండి, అది చేసింది అందుకే. ముందు పగటిపూట, తలుపులు తెరిచి, బయట ఒకరు నిలబడి పొగ రంధ్రం చూస్తుండగా, కొన్ని గంటలు నడిపి చూడండి. రంధ్రం ముందు ఎండుగడ్డి, గోడ, కర్టెన్, మంచు ఏదీ ఉండకూడదు. రాత్రి మంచు కురిస్తే లేచి రంధ్రం చుట్టూ తవ్వాలి. పక్కన ఎవరిదైనా జనరేటర్ పొగ మీ వైపు వస్తుంటే బండి జరపండి. బ్యాటరీ లెక్క ముందే వేసుకోండి. 100 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో వాడుకోదగ్గది సగమే. 8 ఆంపియర్ల బ్లోయర్ ఆపకుండా తిరిగితే 6 గంటలకే అది అయిపోతుంది. తెల్లవారుజామున వోల్టేజి పడి ఫర్నేస్ ఆగిపోవడానికి కారణం ఇదే. గ్యాస్ కూడా అంతే. 20 పౌండ్ల సిలిండర్‌లో సుమారు 4,30,000 బీటీయూల వేడి ఉంటుంది, గంటకు 30,000 బీటీయూలు కాల్చే ఫర్నేస్ ఆపకుండా మండితే 14 గంటలు. థర్మోస్టాట్ తగ్గించి, మందపాటి దుప్పట్లు వేసుకుంటే రెండూ ఎక్కువసేపు వస్తాయి. ఫర్నేస్ ఆగిపోతే స్టవ్ వెలిగించి గది వెచ్చబెట్టుకోకండి. దాని మంట మీరు పీల్చే గాలినే వాడుకుంటుంది, పొగ కూడా లోపలికే వదులుతుంది. పొగగొట్టం లేని చిన్న గ్యాస్ హీటర్లూ అంతే, వాటితో నిద్రపోకూడదు.

ఇప్పుడు ముందున్న బల్ల దగ్గరికి రండి. విప్పి పెట్టిన ఒక పాత హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉంది. అద్దం, లైటు ఎలా పెట్టి చూడాలో చూపిస్తాను. పట్టుకునేవాళ్లు చేతి తొడుగులు వేసుకోండి, అంచులు పదునుగా ఉన్నాయి.